క్యోటోలో జపనీస్ స్కూలు, ఏప్రిల్ బ్యాచ్: మొదటి మూడు నెలలు ఎలా నెట్టుకురావాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో క్యోటోలో జపనీస్ లాంగ్వేజ్ స్కూల్లో చేరుతున్నాను, రెండేళ్ళ కోర్సు. సీఓఈ, అంటే వీసాకు ముందు జపాన్ ఇమ్మిగ్రేషన్ ఇచ్చే అర్హత పత్రం, వచ్చింది, వీసా పని నడుస్తోంది. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికంటే కింది మెట్టు ఎన్5 పాసయ్యాను గానీ మాట్లాడటం అంతంతమాత్రమే. స్కూలు వాళ్ళు మొదటి మూడు నెలలకు డార్మెటరీ ఇస్తారట, తర్వాత ఇల్లు మనమే చూసుకోవాలి.

తెలియాల్సినవి ఇవీ. దిగగానే ఏ ఆఫీసుకు ముందు వెళ్ళాలి? పాత చెక్క ఇళ్ళలో షేర్‌హౌస్‌లు చౌకగా కనిపిస్తున్నాయి, తీసుకోవచ్చా? శాకాహారిని, గుడ్డు తింటాను, చేప తినను. వంట ఎలా, బయట తిండి ఎలా? బస్సు పాసా, సైకిలా? పార్ట్‌టైం జీతంతో ఫీజు కూడా కట్టేయొచ్చని కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు, నిజమేనా?

టోక్యో గురించి అందరూ చెప్తారు. క్యోటో సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

రెండోసంతకం:

ముందు కాగితాల వరస చెప్తాను. ఒక్కో పని చిన్నదే, వరస తప్పితే మాత్రం ఒకదానికోసం ఇంకొకటి ఆగిపోతుంది.

కాన్సాయ్ ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ దగ్గరే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. పార్ట్‌టైం అనుమతి ఫారాన్ని విమానంలోనే నింపి అదే కౌంటర్లో ఇవ్వండి. కార్డు వెనకాల ముద్ర అక్కడికక్కడే పడుతుంది, పైసా ఖర్చు లేదు. వాళ్ళంతట వాళ్ళు అడగకపోవచ్చు, మీరే అడగాలి. అక్కడ మర్చిపోతే ఊళ్ళో ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకెళ్ళి పెట్టుకోవాలి, ఆ అనుమతి వచ్చేదాకా వారాల తరబడి పనిలో చేరడానికి లేదు.

తర్వాత వార్డు ఆఫీసు, అంటే కుయకుషొ. క్యోటోలో 11 వార్డులున్నాయి, మీరు ఉండే వార్డు ఆఫీసుకే వెళ్ళాలి. గదిలో దిగిన 14 రోజుల్లోపు అడ్రసు నమోదు చేయించాలి, కార్డు వెనక దాన్ని ముద్రిస్తారు. అదే రోజు ఆరోగ్య బీమా, పెన్షన్ కౌంటర్లు కూడా చుట్టేయండి. పాస్‌పోర్టు, కార్డు, జపనీస్‌లో రాయించుకున్న పూర్తి అడ్రసు చాలు. ఫ్లాట్ నంబరు మాత్రం తప్పకుండా ఉండాలి. అది లేక మై నంబర్ (ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉత్తరం, బ్యాంకు కార్డు వెనక్కిపోవడం ఇక్కడ అందరికీ తెలిసిన బాధే. పోస్టు డబ్బా మీద కటకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో, మీ పేరు అంటించండి. పేరు లేకపోతే పోస్ట్‌మన్ "ఈ పేరుగలవారు లేరు" అని తీసుకెళ్ళిపోతారు.

కటకానా అన్నాను కాబట్టి మనవాళ్ళకే వచ్చే చిక్కొకటి చెప్పాలి. ఇంటిపేరు, రెండు మూడు ముక్కల పేరు కలిసి పాస్‌పోర్టులో బారెడు ఉంటుంది. "వెంకట" అన్నదాన్ని ఒక కౌంటర్లో "వెంకత" అని రాస్తారు, ఇంకో చోట "బెంకత" అంటారు. ఏదో ఒకటి మొదటి రోజే ఖాయం చేసుకుని, చీటీ మీద రాసుకుని, వార్డు ఆఫీసు, ఫోను, బ్యాంకు, అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా అదే ఇవ్వండి. బీమాలో ఒకలా బ్యాంకులో ఇంకోలా ఉంటే డబ్బు జమకాదు.

ఆరోగ్య బీమా తప్పనిసరి. వైద్యం ఖర్చులో 30 శాతం మీది, మిగతాది బీమాది. ఆదాయం సున్నా అని ఆ కౌంటర్లోనే రాసివ్వండి, అప్పుడే తగ్గింపు వర్తించి నెలకు సుమారు 2 వేల యెన్‌ల దగ్గర ఆగుతుంది. ఆదాయం లేదు కదా అని ఊరుకుంటే లెక్క తేలక తగ్గింపు పోతుంది. 20 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ పెన్షన్ కూడా ఉంటుంది, 2025-26లో అది నెలకు 17,510 యెన్‌లు. కంగారు పడకండి, మినహాయింపు దరఖాస్తు ఇస్తే సరి. విద్యార్థుల పథకం కిందికి మీ స్కూలు రాకపోతే మామూలు మినహాయింపు, అంటే "మెన్‌జొ" అడగండి. ఏటేటా మళ్ళీ పెట్టాలి. ఇంటికొచ్చిన పెన్షన్ కవరు చెత్తలో వేస్తే అది బాకీగా పేరుకుంటుంది.

ఆ తర్వాత ఫోను నంబరు, దాని తర్వాత బ్యాంకు. చాలా బ్యాంకులు ఆరు నెలలు గడవందే మామూలు ఖాతా ఇవ్వవు, అందుకే కొత్తవాళ్ళు పోస్టాఫీసు బ్యాంకుకు, అంటే యూచొకు వెళ్తారు.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసు కోసం ఒసాకా దాకా పోనక్కర్లేదు, క్యోటోలోనే శాఖ ఉంది. దాని అడ్రసు చూడండి: "మరుతమచి కవబత హిగషి ఇరు". మరుతమచి వీధి, కవబత వీధి కలిసే చోటి నుంచి తూర్పుకు లోపలికి రమ్మని అర్థం. క్యోటో పాతబస్తీ అడ్రసులన్నీ ఇలాగే ఉంటాయి. "అగరు" అంటే ఉత్తరానికి ఎక్కు, "సగరు" అంటే దక్షిణానికి దిగు, "ఇరు" అంటే తూర్పుకో పడమరకో లోపలికి. ఊరు ఉత్తరాన ఎత్తు, దక్షిణాన పల్లం కాబట్టి ఈ మాటలు కాళ్ళకు కూడా గుర్తుంటాయి. ఫోను చూడకుండా ఊళ్ళో తిరగాలంటే ఈ మూడు మాటలు చాలు.

కామొ_ఒడ్డు:

ఇల్లు, చెత్త, సైకిలు నేను చెప్తాను.

పాత చెక్క ఇళ్ళను మచియ అంటారు. ముందు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి, ఇక్కడివాళ్ళు వాటిని "ఈల్ చేప పడక" అని వెక్కిరిస్తారు, ఆ చేప పాములా పొడుగ్గా ఉంటుంది. ఫొటోలో అందంగా ఉంటుంది, ఏప్రిల్‌లో చూస్తే వెంటనే నచ్చేస్తుంది. చలికాలంలో అసలు సంగతి తెలుస్తుంది. క్యోటో మూడు పక్కలా కొండలున్న గిన్నెలాంటిది. చలి నేలలోంచి పైకి పాకుతుంది, దానికి "సొకొబియె" అని ప్రత్యేకంగా పేరే ఉంది. మచియ గోడలు పల్చన, కిటికీలు ఒంటి అద్దం, గదికీ గదికీ మధ్య కాగితం తలుపు. పక్కగదిలో వాళ్ళు అలారం ఆపుకుంటే మీకు మెలకువ వస్తుంది. జేఎల్‌పీటీకి చదవాల్సినవాళ్ళకు నేనైతే వద్దంటాను. ఒక నెల ఉండి చూడాలనిపిస్తే ఆగస్టులోనో జనవరిలోనో ఉండండి, ఏప్రిల్‌లో కాదు.

మామూలు 1కె గది, అంటే ఒక గది, పక్కన చిన్న వంటగట్టు, సక్యో వార్డులో 40-50 వేల యెన్‌ల అద్దెకు దొరుకుతుంది. కానీ చేరేటప్పుడు కట్టేది నాలుగైదు నెలల అద్దె. దాన్లో ఏమేముంటాయంటే: డిపాజిట్, అంటే షికికిన్, ఒక నెల. తిరిగిరాని "మర్యాద డబ్బు", అంటే రెయికిన్, ఒకటి రెండు నెలలు. ఏజెంటుకు గరిష్ఠంగా ఒక నెల అద్దె, పైన పన్ను. హామీ కంపెనీకి సగం నుంచి ఒక నెల. అగ్ని బీమా, తాళం మార్పు విడిగా. రెయికిన్ లేని గదులు ఉంటాయి, ముందే అలాంటివే చూపించమని అడగండి.

క్యోటోలో ఇంకో పాత ఆచారం ఉంది, కోషిన్‌ర్యో. కాంట్రాక్టు ముగిసి కొనసాగించాలంటే కొన్ని ఇళ్ళలో ఒకటి రెండు నెలల అద్దె మళ్ళీ కట్టాలి. ఇది చెల్లదని అద్దెకున్నవాళ్ళు కోర్టులకెక్కారు, కానీ మరీ అన్యాయంగా ఎక్కువ కానంతవరకు చెల్లుతుందని 2011 జులైలో జపాన్ సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి సంతకానికి ముందే కాంట్రాక్టులో ఆ మాట ఉందా, ఎన్నేళ్ళకోసారి, ఎంత అన్నది చూడండి. రెండేళ్ళు ఉండేవాళ్ళకు ఏడాదికోసారి రెండు నెలల అద్దె అంటే పెద్ద మొత్తమే.

గ్యాసు ఏదో కూడా అడగండి. సిటీ గ్యాసైతే బిల్లు మామూలే. ప్రొపేన్ అయితే చలికాలంలో స్నానాల బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. అద్దె రెండు వేలు తక్కువని ప్రొపేన్ గది తీసుకుంటే అది అక్కడికక్కడ చెల్లిపోతుంది. గ్యాసు తెరవడానికి మనిషి వస్తాడు, మీరు గదిలో ఉండాలి. ముందే తేదీ పెట్టుకోకపోతే మొదటి రాత్రి చన్నీళ్ళే.

చెత్త: క్యోటో నగరపాలక సంచులే వాడాలి. తగలబెట్టే చెత్తకు పసుపు సంచి, 45 లీటర్లవి పది 450 యెన్‌లు, 10 లీటర్లవి పది 100. ఒంటరి మనిషికి 10 లీటర్లవి చాలు. వారానికి రెండుసార్లు, పొద్దున 8 లోపు బయట పెట్టాలి. డబ్బాలు, సీసాలు, పెట్ బాటిళ్ళు ఒక రోజు, ప్లాస్టిక్ ఇంకో రోజు, రెండూ పారదర్శక సంచుల్లోనే. తప్పు సంచిలో పెడితే స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు. రాత్రే పెట్టేస్తే కాకులు చింపిపోస్తాయి, పసుపు సంచుల్ని అవి బాగానే గుర్తుపడతాయి. చెత్త మీద కప్పే వల ఉంటే దాని కిందికి తోసి పెట్టాలి, ఊరికే పైన పడేస్తే ఉన్నా లేనట్టే.

జూన్ నుంచి జులై మధ్య దాకా వానలు, బూజు. పరుపును చెక్కనేల మీద నేరుగా వేసి వారం కదపకపోతే కింద నల్లమచ్చలు వస్తాయి, వెళ్ళేటప్పుడు డిపాజిట్‌లో కోస్తారు. పట్టీల చెక్క, అంటే సునొకొ, కింద వేయండి, పొద్దున్నే పరుపు మడిచి నిలబెట్టండి.

ఇక సైకిలు. నా ఓటు దానికే. ఊళ్ళో ఒకే ఛార్జీ ఉండే పరిధిలో సిటీ బస్సు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా 230 యెన్‌లు, వెనక తలుపున ఎక్కి ముందు దిగేటప్పుడు కట్టాలి. కానీ మీరు దిగేదే చెర్రీపూల సమయంలో. అప్పుడు, మళ్ళీ నవంబరులో ఎర్రాకుల సమయంలో 206 నంబరు లాంటి బస్సులు టూరిస్టులతో కిక్కిరిసి మీ స్టాపులో ఆగినా ఎక్కలేరు. జులై 17, 24న గిఒన్ పండుగ ఊరేగింపులకు ఊరి నడిబొడ్డున దారులే మూస్తారు. ఇంకో సంగతి, లాంగ్వేజ్ స్కూళ్ళలో అన్నిటికీ విద్యార్థి రాయితీ పాసు రాదు. మీ స్కూలుకు చట్టప్రకారం ఏ హోదా ఉందో దాన్నిబట్టి ఉంటుంది, ఆఫీసులో అడగండి.

పాత సైకిలు 10-15 వేల యెన్‌లకు వస్తుంది. దొంగతనం నమోదు స్టిక్కరు వేయించుకోవాలి. సీనియర్ దగ్గర కొంటే పేరు మార్పించకుండా తొక్కొద్దు, పోలీసులు ఆపి నంబరు చూస్తే అది వేరేవాళ్ళ పేరున ఉండి, అరగంట సంజాయిషీ చెప్పుకోవాలి. సైకిలు బీమా కూడా క్యోటోలో తప్పనిసరి. కనిపించినచోటల్లా నిలపకండి. లారీలో ఎత్తుకుపోతే విడిపించుకోవడానికి 3,500 యెన్‌లు, పైగా ఊరి చివర డిపోకు మీరే వెళ్ళాలి.

పప్పుచారు:

తిండి సంగతి. చేప తినను అన్నారు కాబట్టి మొదట తెలుసుకోవాల్సిన మాట "దషి". మిసొ సూపు, ఉదొన్ నూడుల్స్ పులుసు, ఉడికించిన కూర, చివరికి గుడ్డట్టులో కూడా కత్సువొ అనే ఎండుచేప తురుముతో కాచిన నీళ్ళే ఉంటాయి. "సకన తబెమసెన్", చేప తినను, అంటే వాళ్ళు చేపముక్క తీసేసి అదే పులుసు పోస్తారు. వాళ్ళ దృష్టిలో అందులో చేప లేదు మరి. "కత్సువొ దషి మొ దమె దెస్", ఆ రసం కూడా కుదరదు, అని విడిగా చెప్పాలి.

ప్యాకెట్ల మీద అలర్జీ పట్టీని నమ్ముకోవద్దు. తప్పనిసరిగా రాయాల్సినవి కొన్నే: గుడ్డు, పాలు, గోధుమ, సొబ (బక్‌వీట్), వేరుశనగ, రొయ్య, పీత, వాల్‌నట్ లాంటివి. చేప అందులో లేదు. ఆలుగడ్డ చిప్స్‌లో కూడా కత్సువొ సారం ఉంటుంది. అసలు పదార్థాల జాబితా చదవాలి. "కత్సువొ", "గ్యొకాయ్" (చేపలు, రొయ్యల్లాంటివి), "చికిన్ ఎకిసు" (కోడి సారం), "పోకు ఎకిసు" (పంది సారం), "జెరాచిన్" (జెలటిన్), "రాదొ" (పంది కొవ్వు) ఈ ఆరూ అక్షరాల్లో ఎలా ఉంటాయో స్కూలు మొదలవ్వక ముందే నేర్చుకోండి. ఆరు చిన్న మాటలే, ఒక గంట పని.

క్యోటోలో ఉన్న ఒక మేలు, గుళ్ళ ఊరు కాబట్టి బౌద్ధుల శాకాహార వంట, షోజిన్ ర్యోరి, ఇక్కడ సజీవంగా ఉంది. దాంట్లో రసం సముద్రపు నాచుతో, కొన్‌బుతో కాస్తారు. నన్‌జెన్‌జి గుడి చుట్టుపక్కల యుదోఫు, అంటే వేడినీళ్ళలో టోఫు, ప్రసిద్ధం. రోజూ తినేంత చౌక కాదు, పైగా నంజుకునే పులుసులో కత్సువొ ఉందేమో అక్కడా అడగాలి. ఇంట్లో మాత్రం కొన్‌బు ముక్క రాత్రి నీళ్ళలో నానేసి ఉంచితే పొద్దునకు మీ రసం సిద్ధం.

సామాను: ఇక్కడ కరెంటు 100 వోల్టులు, పశ్చిమ జపాన్ కాబట్టి 60 హెర్ట్జ్. మన 230 వోల్టుల మిక్సీ, కుక్కర్ తెస్తే దండగ. ట్రాన్స్‌ఫార్మర్ బరువే మిక్సీ కంటే ఎక్కువ. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లు రెండు వోల్టేజీల్లోనూ పనిచేస్తాయి, వాటికి చదునైన రెండు పుల్లల ప్లగ్గు అడాప్టర్ చాలు. ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి, కానీ అడుగున అయస్కాంతం అంటుకునేదే. చాలా 1కె గదుల్లో ఐహెచ్, అంటే ఇండక్షన్, పొయ్యి ఉంటుంది, అల్యూమినియం కుక్కర్ పెడితే అది అసలు వెలగదు. మూడు లీటర్ల స్టీలుది చాలు.

తేవాల్సినవి: ఆవకాయ, గోంగూర పచ్చడి, కంది పొడి, సాంబారు పొడి, ఇంగువ. మూత మీద టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో వేసి, లగేజీలోనే పెట్టండి, చేతిసంచిలో నూనె పచ్చళ్ళు ఆపేస్తారు. తేకూడనివి: మాంసం పచ్చళ్ళు పూర్తిగా నిషేధం. పచ్చి కరివేపాకు, పళ్ళు, బియ్యం, వండని పప్పులు మొక్కల తనిఖీ ధ్రువపత్రం లేకుండా తెస్తే అక్కడే వదిలేసి రావాలి. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న జలుబు మాత్రలు కూడా తేవద్దు. అమ్మ పెట్టె సర్దితే ఒకసారి మీరు విప్పి చూసుకోండి.

కందిపప్పు, మినప్పప్పు, చింతపండు నేపాలీ, బంగ్లాదేశీ వాళ్ళ హలాల్ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గ్యోము సూపర్‌లో నూనె, శనగలు, ఫ్రోజెన్ కూరలు చౌక. బెండకాయను ఇక్కడా "ఒకుర" అనే అంటారు, వంకాయ "నసు", వేసవిలో కాకరకాయ "గోయ". పెరుగు 400 గ్రాముల డబ్బా వస్తుంది, ప్లెయిన్ అని ఉన్నదే తీసుకోండి, పులుపు తక్కువ. ఒక రాత్రి బయట పెడితే మనకు కావాల్సిన పులుపెక్కుతుంది.

బియ్యం జిగురు. దీనికి విరుగుడు మన పాత పద్ధతే, రైస్ కుక్కర్ మానేసి ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చడం. నాలుగుసార్లు కడిగి, గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల మరిగే నీళ్ళు, 10-11 నిమిషాలు, పలుకు ఉండగానే వార్చి మూతపెట్టాలి. పులిహోరకు పర్వాలేదనిపిస్తుంది. పెరుగన్నానికి మాత్రం వార్చకండి, ఆ జిగురే అక్కడ సొగసు.

గోదారిగట్టు:

చాలా చాలా థాంక్స్ అండీ. అలర్జీ పట్టీ గురించి అస్సలు తెలియదు. పార్ట్‌టైం, చదువు గురించి కూడా ఎవరైనా చెప్తారా? క్లాసులో చైనావాళ్ళు ఎక్కువ ఉంటారట, కంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో, మనం వెనకబడిపోతామా?

రెండోసంతకం:

పార్ట్‌టైం లెక్క నేనే వేసేస్తాను. అనుమతి వారానికి 28 గంటలు. క్యోటో కనీస వేతనం 2025 నవంబరు నుంచి గంటకు 1,122 యెన్‌లు. 28 ని 4 వారాలతో గుణిస్తే 112 గంటలు, అంటే 1,25,664 యెన్‌లు. గది 45 వేలు, తిండి 30, కరెంటు-గ్యాసు-నీళ్ళు 10, ఫోను, బీమా 5: ఖర్చు 90 వేలు. మిగిలేది 35 వేలు. ఏడాది ఫీజు ఏడెనిమిది లక్షల యెన్‌లైతే నెలకు అరవై వేల చుట్టూ అవుతుంది. కాబట్టి కన్సల్టెన్సీ వాళ్ళ మాట తప్పు. తిండీ అద్దే గడుస్తాయి, ఫీజు గడవదు. ఈ లెక్క కూడా మొదటి రోజు నుంచే పూర్తి గంటలు దొరికితేనే. ఎన్5తో దొరికేవి హోటల్లో పక్కలు మార్చడం, గిన్నెలు కడగడం, బెంతో (డబ్బా భోజనం) ఫ్యాక్టరీ. క్యోటో నిండా హోటళ్ళే కాబట్టి మొదటిది తేలికగానే దొరుకుతుంది. ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని దిగండి.

28 గంటలంటే ఏ రోజు నుంచి ఏడు రోజులు లెక్కపెట్టినా దాటకూడదు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి. స్కూలు ఇచ్చే పెద్ద సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల దాకా చేయొచ్చు. రెండో చోట చేతికి డబ్బిస్తాం, ఎవరికీ తెలియదు అనేవాళ్ళను నమ్మకండి. వీసా మార్పుకు వెళ్ళినప్పుడు పన్ను పత్రం అడుగుతారు, ఏడాది ఆదాయం అందులో కనిపిస్తుంది. పచింకొ అనే జూదపు హాళ్ళలో, స్నాక్ బార్లలో (తిండి కొట్లు కావు, పరిచారికలు పక్కన కూర్చుని మందు పోసే బార్లు) గిన్నెలు కడగడం కూడా నిషేధమే.

ఇంకో మాట, హాజరు. వీసా పొడిగింపుకు వెళ్ళినప్పుడు మార్కుల కంటే ముందు దాన్నే చూస్తారు. 80 శాతం కిందికి పోతే సంజాయిషీ రాయాలి. నైట్ షిఫ్టు చేసి పొద్దున 9 గంటల క్లాసుకు ఆలస్యంగా వెళ్తే ఆ ఆలస్యాలన్నీ కలిపి గైర్హాజరుగా లెక్కేసే స్కూళ్ళున్నాయి. పొడిగింపు దరఖాస్తు గడువుకు మూడు నెలల ముందు నుంచే ఇవ్వొచ్చు, రుసుమును 2025 ఏప్రిల్‌లో 6,000 యెన్‌లకు పెంచారు.

నల్లబల్ల:

కంజీలో చైనావాళ్ళు ముందుంటారు, అది ఒప్పుకుని వదిలేయండి. వ్యాకరణంలో ముందుండేది మీరే, కాకపోతే ఒక షరతు ఉంది: ఇంగ్లీషులోంచి నేర్చుకోకూడదు. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు వివరణ పక్కన పెట్టి తెలుగులో రాసుకోండి.

"కినో కత్త హొన్" అంటే "నిన్న కొన్న పుస్తకం". మాటకు మాట అదే వరస. ఇంగ్లీషు పుస్తకం దీన్ని రెండు పేజీలు వివరిస్తుంది, మీకు అర నిమిషం చాలు. "తబెతె మిరు" తిని చూడు. "తబెతె షిమత్త" తినేశాను. "షితె ఒకు" చేసి ఉంచు. "తబెనగర" తింటూ. "తబెతర" తింటే. "తొ ఒమొఉ" అని అనుకుంటున్నా. "రషీ" అట. ఇల్లు దాటేటప్పుడు చెప్పే "ఇత్తె కిమస్" అచ్చంగా మన "వెళ్ళొస్తాను". "వెళ్తాను" అనకూడదని మన పెద్దలు ఎందుకు తిడతారో అదే భావం.

మనవాళ్ళు ఎక్కడ పడతారో కూడా చెప్తాను. తెలుగులో కర్తకు విభక్తి గుర్తు కనపడదు కాబట్టి జపనీస్‌లో కర్త పక్కన చేరే "వ", "గ" తేడా పట్టుబడదు, దీనికి అడ్డదారి లేదు. "ఇచ్చాడు" మనకు ఒకటే, వాళ్ళకు నాకు ఇస్తే "కురెరు", నేను ఇతరులకు ఇస్తే "అగెరు". "మిత్రుడు నాకు అగెమషిత" అనడం మన ట్రేడ్‌మార్కు తప్పు. ఇంకోటి "సముయ్ దెషిత". "చల్లగా ఉండింది" అన్న అలవాటుతో క్రియను భూతకాలంలోకి మారుస్తాం. అక్కడ మారాల్సింది విశేషణం: "సముకత్త దెస్".

ఉచ్చారణలో రోమన్ అక్షరాలే మన శత్రువు. మన లిపిలో హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు అన్నీ ఉన్నాయి. "ఒబసన్" అత్తయ్య, "ఒబాసన్" బామ్మ. "కితె" రా, "కిత్తె" స్టాంపు. రోమన్‌లో చదివితే వీటిని కలిపేస్తారు, తెలుగులో రాసుకుంటే ఎప్పటికీ కలపరు. మనం రాసే "క్యోటో" కూడా అసలు పలుకు కాదు. మొదటిది దీర్ఘం, చివరిది హ్రస్వం, ట కాదు త: "క్యోతొ". ఇంగ్లీషు మాటల్ని ట, డలతో పలికే అలవాటు జపనీస్‌లోకి వచ్చేస్తుంది, దాన్ని మొదటి వారమే ఆపాలి. "త్సు" రాదని భయపడేవాళ్ళు "చుట్టం", "చుక్క" అని పలికి చూడండి, ఆ దంత్య చకారమే అది. "చి" మాత్రం "చిలుక"లో చి. ఇకారం ముందు తాలవ్యం, ఉకారం ముందు దంత్యం, ఈ పంపకం రెండు భాషల్లోనూ ఒకటే.

క్యోటో యాస గురించి: బడిలో నేర్పేది టోక్యో మాట, బజార్లో వినేది వేరు. "హషి" టోక్యోలో పైనుంచి కిందికి దిగితే చాప్‌స్టిక్స్, క్యోటోలో అలా దిగితే వంతెన. పరీక్షకు టోక్యోది పట్టుకోండి, చెవికి రెండూ అలవాటు చేయండి. "ఇకహెన్" అంటే వెళ్ళను, "ఓకిని" అంటే థాంక్స్. అన్నిటికంటే ఎక్కువ వినపడేది "హరు". "కిహరు" అంటే "వస్తారు", మన బహువచన మర్యాద లాంటిదే, అంత బరువు లేకుండా. ఇక్కడివాళ్ళు పసిపిల్లలకూ కుక్కలకూ కూడా వాడేస్తారు, "కుక్కగారు పడుకున్నారు" అన్నట్టు. మీరు వాడక్కర్లేదు, అర్థమైతే చాలు.

పరీక్ష: జేఎల్‌పీటీ జులై, డిసెంబరుల్లో మొదటి ఆదివారం. జులైదానికి దరఖాస్తులు మార్చి మధ్యలో మొదలై ఏప్రిల్ మొదట్లోనే మూసేస్తారు, కాబట్టి మీ బ్యాచ్‌కు ఆ పరీక్ష దాదాపు పోయినట్టే. డిసెంబరుకు ఎన్3 పెట్టుకోండి. 180కి 95 పాసు, కానీ మూడు భాగాల్లో ప్రతిదాంట్లో 60కి 19 రావాలి. మొత్తం 120 వచ్చి చదవడంలో 18తో పోయినవాళ్ళుంటారు, అది కంజీ దెబ్బే. రోజుకు పది చొప్పున, విడి అక్షరం కాకుండా మాటలో చేర్చి రాయండి. చెత్త షెడ్యూలు, మందుల కవరు, బస్సు బోర్డు, ఇంటికొచ్చే పెన్షన్ ఉత్తరం, ఇవే మంచి వాచకాలు.

మాట్లాడటానికి కెఅగె స్టేషన్ దగ్గర నగరపాలక అంతర్జాతీయ భవనం, కొకొక, ఉంది. విదేశీయులకు జపనీస్ తరగతులు, సలహా కౌంటర్లు నడుపుతారు. క్లాసు తర్వాత నేరుగా గదికి పోయి తెలుగు ఛానళ్ళు పెట్టుకునేవాళ్ళకు రెండేళ్ళకు కూడా నోరు పెగలదు.

గోదారిగట్టు:

"చుట్టం, చుక్క" చదివి పెద్దగా పలికి చూశాను, ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తున్నారు. ఆఖరి ప్రశ్న: సైకిలైతే మరి వానలో ఎలా? గొడుగు పట్టుకుని తొక్కేవాళ్ళను వీడియోల్లో చూశాను.

కామొ_ఒడ్డు:

అవి పాత వీడియోలు. గొడుగు పట్టుకుని తొక్కడం తప్పు. 2026 ఏప్రిల్ నుంచి 16 ఏళ్ళు నిండిన సైకిలువాళ్ళకు కూడా నీలం చీటీ జరిమానా ఉంది: గొడుగుకు 5,000 యెన్‌లు, చేతిలో ఫోను పట్టుకుంటే 12,000. ఎడమవైపే తొక్కాలి, అది మనకు అలవాటే. రాత్రి లైటు లేకపోయినా జరిమానా, కొనేటప్పుడు చక్రం తిప్పి లైటు వెలుగుతోందో లేదో చూసుకోండి. షిన్‌క్యోగొకు, తెరమచి ఆర్కేడ్లలో దిగి నడిపించుకుంటూ వెళ్ళాలి.

వానకు "కప్ప" అడగండి, రెయిన్‌కోటు పేరే అది, మన కప్ప కాదు. ప్యాంటు విడిగా ఉన్న జత తీసుకోండి, పాంచో రకం గాలికి ఎగిరి చక్రంలో ఇరుక్కుంటుంది. బ్యాగు మీదికి కూడా కవరు కొనండి. రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి కాబట్టి ప్యాంటు జేబులో కాదు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా లోపలి జేబులో.